బావ పెట్టించిన ఒట్టు

ఆ బాయిలో పనిచేసేవాళ్లకు మేనేజరు దొరంటే ఒక రకం భయం, అంబదాస్ అంటే ఇంకో రకం భయం. దొర భయం ఉద్యోగం వరకే. అంబదాస్ భయం ఒంటి మీది గుడ్డల దాకా వచ్చేది.

బెల్లంపల్లి వైపు బొగ్గుగనిని బాయి అనే అంటారు. ఆ బాయి మూతి దగ్గర తలాషీ తీయడం అంబదాస్ పని. కింద గ్యాస్ ఉంటుంది. అది కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తే ఆ షిఫ్టు మొత్తం పైకి రాదు. అందుకని దిగే ప్రతి మనిషీ అంబదాస్ ముందు చేతులు చాచి నిలబడాలి. తలపాగా విప్పాలి, నడుము గుడ్డ దులపాలి, సద్దిగిన్నె మూత తీయాలి. బీడీకట్టా అగ్గిపెట్టే అతని చేతికిస్తే, చెక్క అరల్లో ఎవరి బిళ్ల నంబరు అరలో వాళ్లవి పెడతాడు. ఎనిమిది గంటల తర్వాత పైకి వచ్చి ఎవరివి వాళ్లు తీసుకోవాలి.

అంబదాస్ సిరిసిల్లలో మగ్గం నేసిన మనిషి. పడుగులో తెగిన పోగును వేళ్లతో పట్టుకోవడం నేర్చినవాడికి, పంచె అంచులో దాచిన బీడీ ఒక లెక్క కాదు. చాలామందివి పట్టుకున్నాడు. తిట్టేవాడు, సిగ్గుపడేలా చేసేవాడు, రెండోసారి దొరికితే దొరకు పట్టించేవాడు. జన్మలో బీడీ ముట్టనివాడు కాబట్టి బీడీ మానడం అతనికి చాలా సులువైన పనిగా కనబడేది. మానలేనివాళ్లంతా బుద్ధిలేనివాళ్లనీ, వాళ్లకు కావలసింది గట్టిగా చెప్పే మనిషేననీ అతని నమ్మకం. ఆ గట్టిగా చెప్పే మనిషి ఎవరో చెప్పనక్కరలేదు.

మొగిలి అతని బామ్మర్ది. భార్య రాజక్కకు ఒక్కగానొక్క తమ్ముడు. రజాకార్ల గడబిడ అణిగిన ఏడాది బావ వెనకే వచ్చి బాయిలో చేరాడు. బొగ్గు కొట్టే పని. పదకొండేళ్లయింది. రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. అయినా ఆ పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా అతని దగ్గర దాచిన బీడీ దొరకలేదు. వచ్చి నిలబడకముందే కట్ట తీసి చేతిలో పెట్టేవాడు. అంబదాస్ చెప్పే నీతులన్నీ వింటూనే తలపాగా విప్పేవాడు.

ఆ ఏడు వానాకాలంలో మొగిలికి దగ్గు పట్టుకుంది. నెల దాటినా పోలేదు. దవాఖాన డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, బీడీ ఆపకపోతే మందు పనిచేయదన్నాడు. బావ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పింది మొగిలే. నవ్వుతూ చెప్పాడు.

రాజక్క నవ్వలేదు. "ఇద్దరం పుట్టినం, అవ్వ బాపు పోయిండ్రు. నువ్వన్న ఉండాలె గదరా తమ్మీ" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగిలి భార్య చంద్రవ్వ కూడా ఏడ్చింది. నాలుగేళ్ల కూతురు ఎందుకో తెలియకుండానే ఏడ్చింది. ఇంతమంది ఏడుస్తున్నప్పుడు మగవాడు ఏదో ఒకటి చేయాలి కదా, అంబదాస్ లేచాడు.

"రేపటి సంది బందు పెట్టు."

"నాకు మానాలని లేదు బావా" అన్నాడు మొగిలి.

కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. మొగిలి కాక ఆ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లున్నారు, ముగ్గురికీ చెవులున్నాయి. ఆ మాటను మాత్రం ఎవరూ వినలేదు.

పది రోజులకు అంబదాస్ సెలవు పెట్టి బామ్మర్దిని వేములవాడ రాజన్న గుడికి తీసుకుపోయాడు. పెద్దపల్లి దాకా రైలు, అక్కడినుంచి కరీంనగర్ మీదుగా బస్సు. దారి పొడుగునా మొగిలి కిటికీలోంచి బీడీ తాగుతూనే ఉన్నాడు. ఇవే ఆఖరివని అంబదాస్ లోపల లోపల సంతోషపడుతున్నాడు. మొక్కుబడిగా రాజన్నకు కోడెను కట్టారు. మొక్కు మాటలు అంబదాస్ ముందు చెప్పాడు, మొగిలి వెనకనుంచి అన్నాడు. "ఇగ బీడీ ముట్టను, ముడితే నీ పాదాల సాక్షిగ నాకు మంచి కాదు." మొగిలి అన్నాడు. గర్భగుడిలోంచి వచ్చిన విభూతిని అంబదాస్ ఎర్రగుడ్డలో పొట్లం కట్టి, బామ్మర్ది తలపాగా అంచుకు తన చేత్తోనే ముడివేశాడు. చెయ్యి బీడీ మీదికి పోయినప్పుడల్లా ఆ ముడిని తడుముకొమ్మన్నాడు.

ఇంటికి చేరేసరికి కబురు వాళ్లకంటే ముందే వచ్చింది. అంబదాస్ దాన్ని ఆపలేదు. నిజం చెప్పాలంటే స్టేషన్లో దిగగానే మొదటి మనిషికి చెప్పింది అతనే. కంపెనీ క్వార్టర్ల వరసలన్నిటికీ తెలిసింది, మొగిలి రాజన్న మీద ఒట్టు పెట్టి బీడీ మానాడని. ఎదురుపడ్డ ప్రతివాడూ మొగిలి భుజం తట్టాడు. ఛాయ్ హోటల్ గంగయ్య అయితే అతను వస్తుంటేనే అగ్గిపెట్టె తీసి గల్లాపెట్టె వెనక దాచేవాడు. "నీకు అగ్గి ఇస్తే రాజన్న నా కండ్లు తీస్తడు" అనేవాడు. చంద్రవ్వ సాయంత్రం వాకిట్లోనే ఆపి మొగుడి నోరు వాసన చూసేది. బాగానే ఉందన్నట్టు నవ్వి లోపలికి రానిచ్చేది.

బాయి మూతి దగ్గర మొగిలి అర ఖాళీగా ఉండేది. తలాషీ వరసలో ఎవరైనా మానడం తన వల్ల కాదని గొణిగితే, అంబదాస్ ఆ ఖాళీ అర వైపు వేలు పెట్టి చూపేవాడు. "వాడు మనిషి కాదా? వానికి నాలుక లేదా?" అనేవాడు. మొగిలి పక్కనే నిలబడి ఉండేవాడు. తలపాగాను ముడి దాకా విప్పి చూపేవాడు. ముడి కనబడగానే అంబదాస్ చాలనేవాడు. అప్పటికి పాతికమంది నడుములు తడిమిన చేత్తో విభూతిని ఎట్లా ముట్టుకుంటాడు?

దగ్గు మాత్రం తగ్గలేదు. పాత దగ్గు, పోవడానికి టైం పడుతుందని అంబదాస్ అందరికీ చెప్పాడు.

ఇట్లా నాలుగు నెలలు గడిచాయి.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం సర్దార్ రాజలింగు పైకి వచ్చి అంబదాస్‌ను పక్కకు పిలిచాడు. కింద మనుషుల్ని, గని పైకప్పును, గాలిని చూసుకునే మనిషి రాజలింగు. మాటలు తక్కువ. గుప్పిట విప్పి చూపాడు. అందులో కాలి ఆరిన బీడీముక్క ఉంది.

"యాడిది?" అన్నాడు అంబదాస్, తెలిసి కూడా.

"పనైపోయి ఇడిసిపెట్టిన గల్లీల. గాలి ఆడని జాగ. గ్యాస్ వచ్చి కూసునేదే ఆడ." రాజలింగు గుప్పిట మూశాడు. "ఇది మొదటి షిఫ్టు పని. నలభై రెండు మంది దిగుతరు. వాడు పుల్ల గీసిన నాడు గ్యాస్ లేదు గావట్టి మనం ఇయ్యాల మాట్లాడుతున్నం. నీ చేతుల కెల్లి ఎట్ల దాటింది అంబదాస్?"

పన్నెండేళ్ల సర్వీసులో ఎవరూ అంబదాస్‌ను ఆ మాట అడగలేదు.

"దొరకు ఇంక చెప్పలే. మూడు దినాలు చూస్త. దొరకవట్టు. లేకుంటే షిఫ్టు మొత్తం బందు పెట్టిస్త, నీ పేరు సుత రాయిస్త."

మరునాడు మొదటి షిఫ్టు గంట ఆలస్యంగా దిగింది. అంబదాస్ అంతలా వెతికాడు. సద్దిగిన్నెల్లో రొట్టెలు విరిచి చూశాడు. చెప్పులు విప్పించి దులిపించాడు. హనుమండ్లు అనే తట్ట మోసేవాడిని నోరు తెరవమన్నాడు. హనుమండ్లు నోరు తెరిచి ఆఁ అని గట్టిగా అరిచాడు. వరసంతా నవ్వింది. అంబదాస్ నవ్వలేదు. అనుమానం ఉన్నవాళ్ల పేర్లు మనసులో రాసుకున్నాడు, ఏడుగురు తేలారు. మొగిలి పేరు ఆ ఏడుగురిలో లేదు. మొగిలి ముందుకొచ్చి ముడి దాకా తలపాగా విప్పాడు. అంబదాస్ భుజం తట్టి పంపాడు. ఇంతమంది దొంగల్లో ఇంటిమనిషి ఒక్కడు నిక్కమైనవాడు ఉన్నందుకు గుండె నిండింది.

రెండో రోజు కూడా ఏమీ దొరకలేదు.

మూడో రోజు పొద్దున మొగిలి వరసలో ఉండగానే దగ్గు తెర వచ్చింది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగిపోయాడు. తలపాగా జారి బొగ్గుపొడిలో పడింది, ఎర్రగుడ్డ పొట్లం ముడి ఊడి పక్కకు దొర్లింది. "అయ్యో రాజన్నా" అంటూ అంబదాస్ గబుక్కున వంగాడు. చేతులు పంచెకు తుడుచుకుని, పొట్లాన్ని రెండు చేతులా తీసి, కళ్లకద్దుకున్నాడు.

కళ్లకద్దుకునేటప్పుడు ముక్కు దాటుకునే పోవాలి. విభూతికి ఆ వాసన ఉండదు. అది పొగాకు వాసన.

మొగిలి దగ్గు ఆపి చూస్తున్నాడు. అతని కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి, దగ్గుకో మరి దేనికో. వెనక ముప్పైమంది నిలబడి ఉన్నారు. అంబదాస్ పొట్లాన్ని తన అంగీ జేబులో వేసుకున్నాడు.

"మైల పడ్డది. నేను మల్ల కట్టిస్త" అన్నాడు అందరికీ వినబడేటట్టు. తర్వాత బామ్మర్దిని కింది నుంచి పైదాకా తడిమి, "పో" అన్నాడు.

షిఫ్టు కిందికి దిగాక తలాషీ గుడిసెలోకి పోయి పొట్లం విప్పాడు. రెండు బీడీలు, మూడు అగ్గిపుల్లలు, అగ్గిపెట్టె పక్కనుంచి చించిన మందుపట్టీ ఒకటి. మధ్యలో చిటికెడు విభూతి అట్లాగే ఉంది. దాన్ని పారేయడానికి మొగిలికి మనసొప్పలేదు కాబోలు.

అంబదాస్ పొట్లాన్ని మళ్లీ మడిచాడు. మొదట కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది, నాలుగు నెలలు నూరుసార్ల పైనే ఆ పుల్లలు తన కళ్ల ముందునుంచే కిందికి దిగాయి. నలభై రెండు మంది ఇళ్లలో పెళ్లాలూ పిల్లలూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఆ తర్వాత వచ్చింది సిగ్గు. ముడి వేసింది తనే, ముట్టుకోకుండా వదిలిందీ తనే.

రూలు ప్రకారం ఆ పొట్లం పట్టుకుని దొర దగ్గరికి పోవాలి. మొగిలి ఉద్యోగం ఆ సాయంత్రానికి పోయేది, జైలు కూడా పడేదేమో. అంబదాస్ పోలేదు. అది తప్పే, అతని తరఫున వాదించేది ఏమీ లేదు. కాకపోతే దొర దగ్గరికి పోయేముందు ఒక సంగతి తేల్చుకోవాలనిపించింది. పదకొండేళ్లు దొంగ కానివాడు ఈ నాలుగు నెలల్లో ఎట్లా అయ్యాడు?

షిఫ్టు పైకి ఎక్కాక మొగిలిని కప్పు కింద ఆనించే దుంగల కుప్ప వెనక్కి తీసుకుపోయాడు. అనుకున్నది అడగడానికి ముందు అలవాటైన తిట్లన్నీ బయటికి వచ్చాయి. "నలభై మందిని సంపుతుంటివి గదరా! దేవుని బూడిదల దాస్తవా? ఒట్టు పెట్టినవ్ గదరా!"

"ఒట్టు నువ్వు పెట్టినవ్ బావా. నేను నీ ఎనుకంగ అన్న."

అంబదాస్ పొట్లం తీసి చూపాడు.

"పదకొండేండ్లు నీ ముందట చేతులు చాపి నిలవడ్డ" అన్నాడు మొగిలి. "ఒక్కనాడన్న దొరికిందా?"

"దొరకలే."

"పైకి వస్తే నా కట్ట నాకు ఉంటుండె. గా ధీమాతోని ఎనిమిది గంటలు ఊకుంటుంటి. ఇప్పుడు పైన యాడ తాగాలె చెప్పు. ఇంట్ల చంద్రవ్వ నోరు చూస్తది. హోటల్ల గంగయ్య అగ్గిపెట్టె దాస్తడు. అడివిల పోదామంటే కట్టెలకొచ్చినోళ్లు నవ్వుకుంట రాజన్న భక్తుడు అంటరు. అందరు నన్నే చూస్తుండ్రు. కిందనే చీకటి. కిందనే నన్ను ఎవ్వలు చూడరు."

"నాకు చెప్పద్దా?"

"చెప్పిన. మానాలని లేదు అని నీ ఇంట్లనే చెప్పిన. ఎవలు విన్నరు? ఊరికొచ్చిన మూడో దినమే ఒట్టు తప్పిన. తప్పినంక ఇగ రాజన్న ఎట్లాగు ఇడువడు, ఒకటి తాగితేంది, నాలుగు తాగితేంది అనుకున్న. గ్యాస్ సంగతి నాకు తెల్వదా? పుల్ల గీసినప్పుడల్ల పిల్ల మొకం కనవడుతది. అయినా గీసిన." మొగిలి ముఖం తిప్పుకున్నాడు. "నన్ను దొరకు పట్టియ్యి బావా. నాకు సుత నిద్ర పడ్తలేదు."

అంబదాస్ దుంగ మీద కూర్చున్నాడు. అతను చేసిన మేలు ఇది. పైన నలుగురిలో తాగే మనిషిని పట్టుకుపోయి, గ్యాస్ కూర్చున్న చీకట్లోకి తోశాడు. పైగా దాన్ని వరసంతటికీ చూపి గొప్పలు చెప్పుకున్నాడు.

"ఎందుకు తాగుతవ్‌రా?" అన్నాడు.

ఆ మాట అంతకుముందు వందసార్లు అన్నాడు. జవాబు కోసం అనడం అదే మొదలు. మొగిలి ఆ తేడా పట్టాడు.

"నేను చేరిన రెండో ఏడు కప్పు కూలింది గద. నా పక్కపొంటి ముత్తయ్య పోయిండు. నన్ను పైకి తీసినంక ఎవలో నోట్ల బీడీ పెట్టి వాళ్లే ముట్టిచ్చిండ్రు, నా చేతులు ఆగుతలేకుండె. పొగ లోపటికి పోయినంకనే బతికిన్నని ఎరుకైంది. గప్పటి సంది పైకి రాంగనే ఒకటి తాగుత. తాగితెనే ఇయ్యాల సుత పైకి వచ్చిన అన్నట్టు."

తొమ్మిదేళ్లుగా ఈ మనిషి పైకి వచ్చి బీడీ ముట్టించడం అంబదాస్ రోజూ చూశాడు. రోజూ ఒక నీతి చెప్పాడు.

"దినాం తాగేటియన్ని గదేనా?" అని మెల్లగా అడిగాడు.

"కాదు. గది ఒక్కటే. కడుమయి..." మొగిలి తన చేతివేళ్ల వైపు చూసుకున్నాడు. ఎప్పుడూ ఆ లెక్క వేసుకున్నట్టు లేడు. "కడుమయి చెయ్యి ఊకుండక తాగుతనేమో."

అయితే ఆ మిగిలినవి మానరాదూ, అనే మాట అంబదాస్ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని వెనక్కి మింగడం అతనికి ఆ రోజు చేసిన పనులన్నిటికంటే కష్టమైంది.

"ఇప్పటికి సుత మానాలని లేదా?"

"లేదు బావా."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. పైన తాగు, అందరి ముందట తాగు. నేను చూసుకుంట. కిందికి మాత్రం వద్దు. ఎన్నడన్న మానాలని నీకే అనిపిస్తే నాకు చెప్పు. అప్పటిదాక నేను అడగ."

ఆ సాయంత్రమే రాజలింగు దగ్గరికి పోయాడు. దొరికిందనీ, ఇక జరగదనీ చెప్పాడు. రాజలింగు పేరు అడిగాడు.

"చెప్ప. మల్ల గా గల్లీల ముక్క కనవడితే తలాషీల అంబదాసే దొంగ అని రాయి. నేను సంతకం పెడ్త."

ఆ మనిషెవరో రాజలింగు పోల్చుకున్నాడో ఏమో. "గీ ఒక్కసారే ఇడుస్త" అని వెళ్లిపోయాడు.

మరునాడు మొదటి షిఫ్టు పైకి వచ్చేవేళకు అంబదాస్ కొత్త బీడీకట్ట, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మొగిలి రాగానే అందరూ చూస్తుండగా వాటిని ఇచ్చాడు. మొగిలి తీసుకోవడానికి జంకాడు. అంబదాసే కట్టలోంచి ఒకటి లాగి బామ్మర్ది నోట్లో పెట్టి పుల్ల గీశాడు. జన్మలో మొదటిసారి బీడీ ముట్టించడం, రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది.

"ఏందే అంబదాసూ, ఒట్టు ఏమాయె?" అన్నాడు హనుమండ్లు. నోరు తెరిపించిన కోపం ఇంకా పోలేదు.

"ఒట్టు నాది. బలిమిటికి పెట్టిపిచ్చిన. రాజన్నకు జవాబు నేను చెప్పుకుంట, వాన్ని ఏమనకుండ్రి."

పైకి అంత ధైర్యంగా అన్నాడు గానీ, ఆ తర్వాతి రోజులు అతనికి బాగా గడవలేదు. దేవుడితో ఆటలాడాడని గంగయ్య ఛాయ్ ఇవ్వడం మానేశాడు. తలాషీ వరసలో అతను నోరు విప్పితే చాలు, ఎవరో ఒకరు అగ్గి ఉందా అన్నా అని అడిగేవారు. ఇంట్లో రాజక్క అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. నాలుగో రోజు మాట్లాడింది.

"మంచిగైతున్నోని నోట్ల నీ చేతులతోని అగ్గి పెట్టినవ్. నా తమ్ముని ఉసురు నీకే తాకుతది."

పొట్లం సంగతి చెబితే ఆమె అర్థం చేసుకునేది. కానీ అది క్వార్టర్ల వరసలో ఒక్క చెవిన పడితే సాయంత్రానికి దొర చెవిన పడుతుంది. అంబదాస్ తల వంచుకుని అన్నం తిన్నాడు. ఆమె లోపలికి పోయాక ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

మొగిలి మళ్లీ పాత మొగిలి అయ్యాడు. పొద్దున కట్ట ఇచ్చి దిగేవాడు, ఎక్కగానే తీసుకుని దుంగల మీద కూర్చుని ఒకటి తాగేవాడు. ఒక్కోసారి అంబదాస్ వెళ్లి పక్కన కూర్చునేవాడు. కప్పు సంగతులు, పిల్ల సంగతులు మాట్లాడుకునేవాళ్లు. బీడీ ఊసు అంబదాస్ ఎత్తలేదు. రెండు కట్టలు పట్టే చోట ఇప్పుడు ఒకటిన్నరతో గడుస్తున్నట్టు రోజూ కట్ట అందుకునే అతని వేళ్లకు తెలుస్తూనే ఉంది. దాని గురించీ అడగలేదు. దగ్గు అట్లాగే ఉంది, ఆ దగ్గు వినబడ్డప్పుడల్లా అంబదాస్‌కు తను చేసింది తప్పేమో అనిపించేది. అయినా రోజూ పొద్దున అతని చేతులు బామ్మర్దిని మిగతా అందరికంటే ఎక్కువసేపు తడిమేవి. ఆ గల్లీలో ముక్కలు మళ్లీ కనబడలేదు.

ఉగాది దాటిన రెండో వారంలో ఒక పొద్దున మొగిలి వరసలో ఆఖరున వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కట్ట ఇచ్చాడు, అగ్గిపెట్టె ఇచ్చాడు, చేతులు చాచాడు. అంబదాస్ తల నుంచి కాళ్ల దాకా వెతికాడు. ఏమీ లేదు.

"పో."

మొగిలి కదల్లేదు. ముందు పోయినవాళ్లు దూరంగా ఉన్నారో లేదో చూశాడు. వంగి ఎడమకాలి చెప్పు విప్పి, అట్టల మధ్య కుట్టు ఊడిన చోటునుంచి నలిగిన బీడీ ఒకటి, పుల్లలు రెండు లాగి అంబదాస్ చేతిలో పెట్టాడు.

"నీకు దొరకలే" అన్నాడు.

చెప్పులు అంబదాస్ చూశాడు, దులిపాడు కూడా. "మల్లెందుకురా?" అనగలిగాడు అంతే.

"పిల్లకు మూడు దినాల సంది జరం. పరేషాన్ మీద పొద్దుగాల చెయ్యే పెట్టింది, నాకు ఎరుక లేకుండనే పెట్టింది. తొవ్వ పొంటి ఇద్దునా, దాద్దునా అనుకుంటనే వచ్చిన. నువ్వు పో అన్నప్పుడు సుత అనుకుంటనే ఉన్న." మొగిలి గొంతు తగ్గించాడు. "కింద నలభై మంది ఉన్నరు బావా. ఇయ్యాల నా మీద నాకే నమ్మకం లేదు. ఇంకోటి యాడన్న పెట్టిన్నేమో, జర మంచిగ చూడు."

పాత అంబదాస్ అయితే ఆ మాటకు పొద్దుగూకే దాకా సరిపడా నీతి చెప్పేవాడు. ఈ అంబదాస్ బీడీనీ పుల్లల్నీ గుప్పిట్లో మూసి జేబులో వేసుకున్నాడు, రెండు చేతులూ పంచెకు తుడుచుకుని మళ్లీ తల దగ్గరనుంచి మొదలుపెట్టాడు. మొగిలి తలపాగా మొత్తం విప్పి అతని చేతికిచ్చాడు. రెండో చెప్పు కూడా విడిచి, చేతులు బార్లా చాచి నిలబడ్డాడు. కిందినుంచి ఎవరో ఆలస్యమవుతోందని కేక వేశారు. ఇద్దరిలో ఎవరూ తొందరపడలేదు.